పక్షవాతం తర్వాత నిలబడటం: పడిన కాలి మీద బరువు ఎలా అలవాటు చేయాలి, ఇంట్లో చేయించేవాళ్ల కోసం పూర్తి గైడ్

పక్షవాతం వచ్చి హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చుకున్న మనిషి గురించి ఇంట్లోవాళ్లు ఫిజియోని అడిగే మొదటి ప్రశ్న దాదాపు ప్రతిచోటా ఒకటే, "ఎప్పుడు నడుస్తారండీ?" అని. ఎప్పుడు సరిగ్గా నిలబడతారు అని ఎవరూ అడగరు. ఇద్దరు మనుషులు చెరో చంకలో చెయ్యేసి ఎత్తిపట్టుకుని హాల్లో నాలుగు రౌండ్లు తిప్పేసి "ఈరోజు నాన్నని నడిపించాం" అని సంతోషంగా చెప్తారు, కానీ ఆ నాలుగు రౌండ్లలో పడిపోయిన కాలి మీద నిజంగా బరువు ఎంత పడింది అని చూస్తే దాదాపు ఏమీ ఉండదు, సగం బరువు మోసేవాళ్ల భుజాల మీద, మిగతాది మంచి కాలి మీద.

అందుకే ఈ గైడ్ అంతా నిలబడటం గురించే. పడిన కాలు బరువు మోస్తేనే దాని కండరాలు మళ్లీ పని నేర్చుకుంటాయి. మంచం మీద పడుకోబెట్టి ఎన్ని గంటలు కాలు ఎత్తిదించినా, ఎంత నూనె పెట్టి మర్దన చేసినా ఆ పని జరగదు. మర్దన తప్పని కాదు, హాయిగా ఉంటుంది, చేసుకోండి, కానీ అది ఎక్సర్‌సైజ్ కింద లెక్క కాదు. అలాగే మర్దన చేసే ముందు పిక్క చూడండి, ఒక పిక్కే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మాత్రం అస్సలు ముట్టుకోకుండా వెంటనే డాక్టర్‌కి చూపించండి, లోపల రక్తం గడ్డ ఉండొచ్చు.

ముందు కాళ్లలో ఏం జరుగుతోందో తెలుసుకోండి

ఇది స్కిప్ చేసి నేరుగా ఎక్సర్‌సైజులకి వెళ్లకండి, ఇది అర్థమైతే మిగతావి మీకే తోస్తాయి.

మనం కదలకుండా నిలబడ్డాం అనుకుంటాం కానీ నిజానికి ఒంటికి ఎప్పుడూ చిన్న ఊగుడు ఉంటుంది, అరచేతిలో కర్ర నిలబెట్టినప్పుడు చెయ్యి అటూఇటూ ఎలా సర్దుకుంటూ ఉంటుందో కాళ్లు కూడా అలా సర్దుకుంటూనే ఉంటాయి. మన బరువు పడే గీత చీలమండకి కొంచెం ముందు నుంచి వెళ్తుంది, కాబట్టి ఊరికే నిలబడినా శరీరం ముందుకి వాలిపోకుండా పిక్క కండరం సన్నగా పనిచేస్తూనే ఉండాలి. మోకాలి కింద ముందు ఎముక పక్కనుండే కండరం అప్పుడు దాదాపు రెస్ట్‌లో ఉంటుంది, ఎవరైనా మనల్ని వెనక్కి తోస్తే అది ఠక్కున అందుకుంటుంది. ఈ అందుకోవడం మామూలు మనిషిలో సుమారు సెకనులో పదో వంతులో జరిగిపోతుంది, మనం ఆలోచించి చేసేది కాదు.

ఇంకోటి కూడా ఉంది, చాలామందికి తెలియనిది. మీరు పై అరలో డబ్బా కోసం చెయ్యి ఎత్తబోతే, చెయ్యి కదలక ముందే తొడ వెనక కండరాలు, నడుము కండరాలు బిగుసుకుంటాయి, చెయ్యి ముందుకెళ్తే బ్యాలెన్స్ పోతుందని మెదడు ముందే ఏర్పాటు చేసేస్తుంది.

పక్షవాతం తర్వాత ఈ మొత్తం వ్యవహారం పడిన వైపు చెడుతుంది. కండరం ఆలస్యంగా వస్తుంది, వచ్చినా తక్కువ బలంతో వస్తుంది, కొన్నిసార్లు వచ్చే వరుస తారుమారవుతుంది, ఇంకొన్నిసార్లు ముందు కండరం వెనక కండరం రెండూ ఒకేసారి పట్టేసి కాలు మొత్తం బిగుసుకుపోతుంది. చర్మం మీద ప్యాచ్‌లు అంటించి కండరాల్లో కరెంట్ కొలిచే ఈఎంజీ మెషిన్‌తో చూస్తే ఇవన్నీ స్క్రీన్ మీద కనిపిస్తాయి. మంచి వైపు కాలు ఊరుకోదు కదా, అది రెండు కాళ్ల పనీ నెత్తినేసుకుంటుంది, ఊగుడు సర్దే పని ఎక్కువగా అదే చేస్తుంది. మనిషి నిలబడుతున్నాడు, పడిపోవట్లేదు, ఇంట్లోవాళ్లకి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. లోపల మాత్రం పడిన కాలుకి రోజురోజుకీ పని తగ్గిపోతూ ఉంటుంది. మనం ఆపాల్సింది దీన్నే.

స్టెప్ 1: నిలబెట్టడానికి టైమ్ వచ్చిందా

డాక్టర్ ఓకే చెప్పకుండా నిలబెట్టొద్దు, ముఖ్యంగా మెదడులో రక్తస్రావం అయినవాళ్లని. తొందరపడితే మంచిదనుకుంటారు చాలామంది, దీని మీద 2015లో అవర్ట్ అనే పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి, ఐదు దేశాల్లో 2,104 మంది పేషెంట్లతో చేశారు. పక్షవాతం వచ్చిన 24 గంటల లోపే మొదలుపెట్టి ఎక్కువ మోతాదులో లేపి నిలబెట్టిన గ్రూప్‌లో 3 నెలల తర్వాత బాగా కోలుకున్నవాళ్లు తక్కువగా తేలారు. దీని అర్థం మంచానికే వదిలేయమని కాదు. మొదటి రోజుల్లో ఎంత, ఎప్పుడు అనేది హాస్పిటల్ వాళ్లకే వదిలేయండి, తర్వాత కూడా ఒకేసారి గంట బాదడం కంటే కొంచెం కొంచెం ఎక్కువసార్లు చేయించడం మేలు.

ఇంటికొచ్చాక నిలబెట్టే ముందు చూసుకోవాల్సినవి: ఎవరూ పట్టుకోకుండా మంచం అంచున కాళ్లు నేలకానించి 2 నిమిషాలు కూర్చోగలుగుతున్నారా? చెప్పింది అర్థమవుతోందా, కనీసం చేసి చూపిస్తే అయినా? బీపీ ఎలా ఉంది? ఈ బీపీ సంగతి తేలిగ్గా తీసుకోకండి, చాలా రోజులు పడుకున్న మనిషికి పైగా బీపీ బిళ్లలు వేసుకునే మనిషికి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. ఇంట్లో మెషిన్ ఉంటే పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన 1 నిమిషానికీ 3 నిమిషాలకీ మళ్లీ చూడండి, పై నంబర్ 20 గానీ కింది నంబర్ 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే డాక్టర్‌కి చెప్పాలి. "కళ్లు తిరుగుతున్నాయి", "చీకట్లు కమ్ముతున్నాయి" అంటే ధైర్యం చెప్పడం కాదు, వెంటనే కూర్చోబెట్టడమే.

మధ్యలో ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, లేదా కొత్తగా మూతి వంకరపోవడం, మాట తడబడటం, మంచి వైపు కూడా చెయ్యో కాలో జారిపోవడం లాంటివి కనిపిస్తే ఎక్సర్‌సైజు సంగతి మర్చిపోయి 108కి ఫోన్ చేయండి. మళ్లీ స్ట్రోక్ అయితే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా 4.5 గంటలే టైమ్, కాబట్టి లక్షణం ఎన్నింటికి మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి.

స్టెప్ 2: చోటు, చెప్పులు, పట్టుకునే పద్ధతి

మన ఇళ్లలో బెస్ట్ చోటు వంటింటి గట్టు. ఎత్తు సరిపోతుంది, కదలదు, ముందు పట్టుకోవడానికి ఉంటుంది, వెనకాల ఒక కుర్చీ వేస్తే కూలబడినా కుర్చీలోనే పడతారు. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు, టైల్స్ మీద వెనక్కి జారుతుంది, చెక్కదో ఇనుపదో బరువైన కుర్చీ తెచ్చి గోడకో డైనింగ్ టేబుల్‌కో ఆనించి పెట్టండి. గట్టు కుదరకపోతే కిటికీ ఊచలు కూడా బాగా పనికొస్తాయి.

కాళ్లకి హవాయి చెప్పులు వద్దే వద్దు. సాక్సులతో టైల్స్ మీద అంతకంటే వద్దు. మడమ పట్టి ఉండే షూ వేయండి. స్పర్శ బాగా ఉండి పాదం సరిగ్గా ఆనేవాళ్లకి ఒట్టి కాళ్లతో చేయించడం కూడా మంచిదే, నేల తెలుస్తుంది, కానీ షుగర్ ఉంటే రోజూ పాదాలు తిప్పి చూడాలి, పుండు పడినా వాళ్లకి తెలియదు. పాదం వేలాడుతోందని ప్లాస్టిక్ స్ప్లింట్ ఇచ్చి ఉంటే అది షూ లోపల వేసుకునే నిలబడాలి. లుంగీ, నేల జీరాడే నైటీ పక్కన పెట్టి నిక్కరో పొట్టి పైజామానో వేయండి, మోకాలు మీకు కనిపించాలి, ఎందుకో కింద చెప్తాను.

పట్టుకునేవాళ్లు పడిన వైపు నిలబడాలి, కొంచెం ముందుకి. ఒక చెయ్యి నడుము బెల్ట్ మీద, అవసరమైతే రెండో చెయ్యి ఛాతీ ముందు. సర్జికల్ షాపుల్లో నడుముకి కట్టే గైట్ బెల్ట్ దొరుకుతుంది, కొనుక్కోండి. పడిన చెయ్యిని పట్టుకుని మాత్రం లాగకండి. ఆ భుజం కండరాలు వదులైపోయి ఉంటాయి, కీలు కిందికి జారిపోయి ఉంటుంది, మీరు ప్రేమగా "లే నాన్నా" అని చెయ్యి పట్టి లాగిన ప్రతిసారీ అక్కడ దెబ్బ తగులుతుంది, ఆ భుజం నొప్పితో నెలల తరబడి ఎక్సర్‌సైజే మానేసినవాళ్లు ఉన్నారు. చంకలో చెయ్యేసి ఎత్తడం కూడా అదే బాపతు.

స్టెప్ 3: కూర్చుని లేవడం, అసలు వ్యాయామం ఇదే

నన్నడిగితే ఇంట్లో ఒక్కటే చేయించగలను అంటే ఇదొక్కటే చేయించమంటాను. కుర్చీలోంచి లేవడం, మళ్లీ కూర్చోవడం. తొడ ముందు కండరం, పిరుదు, పిక్క, మోకాలి కింద ముందు కండరం, నడుము అన్నీ ఒకేసారి వరుసలో పనిచేయాల్సిన పని ఇది, పైగా రోజుకి పదిసార్లు ఎలాగూ చేయాల్సిందే.

కుర్చీ అంచుకి జరిగి కూర్చోబెట్టండి. రెండు పాదాలు వెనక్కి లాగి మోకాళ్ల కంటే కొంచెం వెనక ఉండేలా, మడమలు నేలకి ఆని ఉండేలా పెట్టండి. ఇప్పుడు అసలు కిటుకు, పడిన కాలి పాదాన్ని మంచి పాదం కంటే ఇంకొంచెం వెనక్కి పెట్టండి, అర పాదం చాలు. మంచి కాలు ముందుకుంటే అది మొత్తం బరువు లాక్కోలేదు, పడిన కాలు పని చేయక తప్పదు. వదిలేస్తే అందరూ దీనికి రివర్స్‌లో చేస్తారు, మంచి కాలు వెనక్కి పెట్టుకుని దాని మీదే లేచేస్తారు, పడిన కాలు ముందుకి చాపి ఊరికే ఉంటుంది.

రెండు చేతులూ వేళ్లు కలిపి పట్టుకోమని చెప్పి ముందుకి చాపమనండి. ముక్కు కాలివేళ్ల మీదకి వచ్చేదాకా వంగాలి, అప్పుడు పిరుదులు వాటంతట అవే తేలుతాయి. వెనక్కి వాలి ఉండి లేవడానికి ట్రై చేస్తే ఎవరి వల్లా కాదు, మీరు కూడా ఇప్పుడే కుర్చీలో వెనక్కి ఆనుకుని, వంగకుండా లేచి చూడండి తెలుస్తుంది.

లేవలేకపోతే మనిషిని ఎత్తకండి, సీటుని ఎత్తు చేయండి. గట్టి దిండో మడిచిన దుప్పటో వేస్తే చాలు, సీటు ఎత్తు పెరిగేకొద్దీ కాళ్ల మీద భారం తగ్గుతుంది. వారం వారం ఆ ఎత్తు తగ్గించుకుంటూ రావచ్చు.

కూర్చోవడం మెల్లగా, ఐదు లెక్కపెడుతూ. దభీమని పడిపోతే సగం ఎక్సర్‌సైజు పోయినట్టే, ఎందుకంటే కిందికి దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బ్రేక్ వేయడం నేర్చుకోవాలి, రేపు మెట్లు దిగడానికి కావాల్సింది ఆ బ్రేకే. మొదట్లో ఐదేసి చొప్పున రోజుకి మూడు నాలుగు విడతలు, అలసట చూసుకుంటూ పెంచండి. కాఫీకి లేచినప్పుడు ఒకసారి బదులు మూడుసార్లు లేచి కూర్చోమనండి, సీరియల్ యాడ్స్ టైమ్‌లో ఇంకో ఐదు, ఇలా పనుల్లో కలిపేస్తే ఎక్సర్‌సైజు అని గొడవ ఉండదు.

స్టెప్ 4: నిలబడ్డాక బరువు ఎటుందో కొలవండి

పక్షవాతం వచ్చినవాళ్లని సమానంగా నిలబడమంటే నిలబడ్డామనే అంటారు, వాళ్లకి నిజంగానే అలా అనిపిస్తుంది కూడా. అందుకే కొలవాలి. పెద్ద మెషిన్లేం అక్కర్లేదు, బరువు చూసుకునే బాత్రూమ్ స్కేళ్లు రెండు చాలు. రెండూ ఒకే మోడల్ అయితే మంచిది, ఎత్తు తేడా ఉండదు. ముల్లు తిరిగేవి కొనండి, డిజిటల్‌వి చాలావరకు ఒక నంబర్ చూపించి లాక్ అయిపోతాయి, మనకి బరువు మారుతుండగా కనిపించాలి. గట్టు ముందు పక్కపక్కన పెట్టి ఒక్కో పాదం ఒక్కోదాని మీద, ఒక మనిషి బెల్ట్ పట్టుకుని, ఇంకో మనిషి రీడింగ్ చూడాలి. స్కేల్ మీదకి ఎక్కడం దిగడం కొంచెం రిస్కే, అందుకని గట్టు పట్టుకుని సొంతంగా ఒక నిమిషం నిలబడగలిగేవాళ్లకే ఇది.

అరవై కిలోల మనిషి అనుకుందాం. మంచి కాలి కింద 42, పడిన కాలి కింద 18 చూపిస్తే పడిన కాలు మోస్తున్నది 30 శాతమే. ఒక్కోసారి 38, 14 అని వస్తుంది, కూడితే 52, మిగతా 8 కిలోలు ఎక్కడికి పోయాయి? గట్టు మీద పెట్టిన చేతిలో ఉన్నాయి. చేతి మీద ఎంత ఆనుకుంటున్నారో కూడా ఇలా దొరికిపోతుంది, మీరు వాదించక్కర్లేదు, ముల్లే చెప్తుంది. అక్కడినుంచి "నాన్నా, ఈ ముల్లు 20 దాటించు", "ఇప్పుడు పది సెకన్లు అక్కడే ఆపు" అని చేయించండి. ఒకేసారి 30కి తెమ్మని పట్టుపట్టకండి, నెలలు పట్టొచ్చు, కొందరికి సగానికి సగం ఎప్పటికీ రాకపోవచ్చు కూడా, అయినా 18 నుంచి 25కి వస్తే అడుగు వేసేటప్పుడు తేడా కనిపిస్తుంది.

స్టెప్ 5: మోకాలు, చీలమండ, తుంటి, ఎక్కడ చెడుతోందో చూడండి

నిక్కరో పొట్టి పైజామానో వేయమన్నది ఇందుకే.

మోకాలు ముందుకి మడత పడిపోతోంది అంటే తొడ ముందు కండరం ఇంకా బరువు ఆపలేకపోతోంది. మీరు ముందు ఒక ముక్కాలి పీట వేసుకుని కూర్చుని మీ మోకాలితో వాళ్ల మోకాలికి ముందునుంచి ఆసరా ఇవ్వండి, గట్టిగా నొక్కొద్దు, మడత పడబోతే ఆపేలా మాత్రమే. అలా ఉంచి మోకాలు కొద్దిగా వంచి, మళ్లీ నిటారు చేయమనండి. ఈ చిన్న వంపు, చిన్న లేపు పదిసార్లు చేస్తే చాలు, తొడ వణకడం మొదలవుతుంది, ఆ వణుకు చూసి భయపడకండి, కండరం పనిచేస్తోందన్నమాట.

దీనికి రివర్స్ కేసు ఇంకా ఎక్కువ, మోకాలు వెనక్కి విరిగినట్టు లాక్ అయిపోవడం. చూడటానికి కాలు గట్టిగా నిలబడినట్టే ఉంటుంది, ఇంట్లోవాళ్లు సంతోషపడతారు, కానీ అక్కడ కండరం పనిచేయట్లేదు, మోకాలి వెనక లిగమెంట్ల మీద వేలాడుతున్నారు. అలాగే నడిచేస్తే కొన్నాళ్లకి మోకాలు నొప్పి ఖాయం. చాలాసార్లు కారణం మోకాల్లో ఉండదు, పిక్క బిగుసుకుపోయి చీలమండ ముందుకి వంగక మోకాలిని వెనక్కి తోస్తుంది. అప్పుడు పిక్క సాగదీయాలి, పాదం ముందు భాగం కింద పలచటి చెక్క పెట్టి మడమ నేలకి ఆనించి గట్టు పట్టుకుని కొన్ని నిమిషాలు నిలబడటం మంచి పద్ధతి, మోకాలు మాత్రం వెనక్కి పోనివ్వకుండా సూది మొనంత వంపులో ఉంచాలి. బిగువు బాగా ఎక్కువుంటే, పాదం లోపలికి తిరిగిపోయి అంచు మీద ఆనుతుంటే అది ఇంట్లో తేలేది కాదు, స్ప్లింటో మందో ఇంజెక్షనో డాక్టర్‌ని అడగండి. బిగుసుకున్న కాలు బలమైన కాలు అనుకునే భ్రమ చాలామందికి ఉంది, ఆ రెండిటికీ సంబంధం లేదు.

తుంటి దగ్గర చూడాల్సింది, పడిన కాలి మీదకి బరువు తేగానే నడుము ఆ పక్కకి జారిపోతోందా అని. తుంటి పక్క కండరం వీక్‌గా ఉంటే అలా అవుతుంది. గోడకి పడిన వైపు తుంటి దాదాపు తగిలేలా నిలబెట్టి, "గోడకి ఆనుకోకుండా గోడ వైపు బరువు తీసుకురా" అనండి, ఆ వైపు పడిపోతానన్న భయం కూడా గోడ ఉంటే తగ్గుతుంది.

మోకాలు అదుపులోకి వచ్చాక మంచి కాలిని తీసి చిన్న పీట మీదో ఇటుక మీదో పెట్టించండి. ఎక్కక్కర్లేదు, పాదం ఊరికే పెట్టడమే. మంచి కాలు పైకెళ్లగానే బరువు పడిన కాలి మీదకి తప్పనిసరిగా వస్తుంది. పెట్టడం తీయడం నెమ్మదిగా చేయించండి, మంచి కాలు గాల్లో ఉన్న ఆ ఒకటి రెండు సెకన్లు పడిన కాలు ఒంటరిగా నిలబడుతుంది, అడుగు వేయడానికి కావాల్సింది సరిగ్గా అదే.

స్టెప్ 6: నిలబడి పని చేయించండి

కదలకుండా బొమ్మలా నిలబెడితే కొన్నాళ్లకి ఇద్దరికీ విసుగొస్తుంది, పైగా పైన చెప్పిన ముందస్తు ఏర్పాటు, చెయ్యి కదలక ముందే కాలు బిగించుకోవడం, అది చెయ్యి కదిపితేనే కదా వచ్చేది. కాబట్టి మంచి చేత్తో పనులు చేయించండి. గట్టు మీద గ్లాసులు మంచి వైపు నుంచి తీసి పడిన వైపు చివర పెట్టమనండి, ఒక్కో గ్లాసు ఇంకో రెండు అంగుళాలు దూరం. పడిన వైపుకి చెయ్యి చాపితే బరువు ఆ కాలి మీదకే వస్తుంది, మీరు చెప్పక్కర్లేదు. ఉతికిన బట్టలు మడతపెట్టి దొంతర పెట్టడం, గోడకున్న క్యాలెండర్ కాగితం చించడం, దేవుడి అరలో పువ్వులు పెట్టడం, ఏదైనా సరే. వంట అలవాటున్న అమ్మలైతే ఉత్త చేత్తో గ్లాసులు జరపమంటే ముఖం చిట్లిస్తారు గానీ కూరగాయలు కడిగి గిన్నెలో వేయమంటే ఇరవై నిమిషాలు నిలబడ్డారని వాళ్లకే తెలియదు. స్టవ్ దగ్గర మాత్రం ఇప్పుడే వద్దు, వేడి నూనె, తడబడే కాలు పక్కపక్కన ఉండకూడదు.

పడిన చెయ్యి పనిచేయకపోయినా గట్టు మీద అరచెయ్యి పరిచి పెట్టి ఉంచండి, వేలాడనివ్వకండి.

స్టెప్ 7: కష్టం పెంచడం

నిలబడి మాట్లాడుతూ పని చేసుకోగలుగుతున్నారంటే ఇప్పుడు కొంచెం ఇబ్బంది పెట్టే టైమ్ వచ్చింది. వరుస ఇలా పెట్టుకోండి: గట్టు మీద అరచెయ్యి, తర్వాత రెండు వేళ్లు, తర్వాత చెయ్యి గట్టుకి అంగుళం పైన. పాదాలు ఎడంగా, తర్వాత దగ్గరగా, తర్వాత ఒకటి ముందు ఒకటి వెనక. కళ్లు తెరిచి, తర్వాత మూసి. నేల మీద, తర్వాత మడిచిన దుప్పటి మీద. ఒకేసారి రెండు మార్చకండి, కళ్లు మూయించే రోజు పాదాలు ఎడంగానే ఉండాలి. కళ్లు మూస్తే ఎక్కువగా ఊగిపోయేవాళ్లు రోజంతా చూపు మీదే ఆధారపడి నిలబడుతున్నారని అర్థం, రాత్రి కరెంట్ పోయినా, బాత్రూమ్‌లో ముఖానికి సబ్బు రాసుకున్నా పడేది వీళ్లే, కాబట్టి ఇది తప్పకుండా చేయించాలి.

తర్వాత తోపులు. బెల్ట్ పట్టుకుని, మీరు ఇంకో చేత్తో భుజం మీదో తుంటి మీదో మెల్లగా తోసి "కదలకుండా ఆపు" అనండి, మొదట చెప్పి తోయండి, కొన్ని రోజులయ్యాక చెప్పకుండా. చెప్పకుండా తోసినప్పుడే ఆ ఆలస్యంగా వచ్చే కండరాలకి అసలు పని. ఇది ఫిజియో దగ్గర ఒకసారి చూసి నేర్చుకున్నాకే చేయండి, ఎంత బలంతో అనేది చదివితే రాదు.

దాంతో పాటు మాటలు కలపండి. నిలబడి ఉండగా వంద నుంచి మూడేసి తీసేస్తూ లెక్కపెట్టమనడం, పొద్దున్న ఏం తిన్నారో అడగడం. మాట్లాడిస్తే నడక ఆగిపోయే పెద్దవాళ్లు ఎక్కువగా పడతారని 1997లోనే ఒక స్టడీలో వచ్చింది, ఇంట్లో అయితే ఫోన్ మోగినప్పుడో ఎవరైనా వెనకనుంచి పిలిచినప్పుడో పడతారు.

పడిన వైపుకే తోసుకునేవాళ్లు ఉంటే

కొంతమంది విచిత్రంగా మంచి చేత్తో, మంచి కాలితో తమని తామే పడిన వైపుకి తోసుకుంటారు, మీరు నిటారుగా తేబోతే ఎదురు బలం పెడతారు. మొండితనం అనుకుని ఇంట్లోవాళ్లు కసురుకుంటారు, పాపం అది వాళ్ల తప్పు కాదు, మెదడుకి తన ఒళ్లు నిటారుగా ఉన్నట్టు వంకరలోనే అనిపిస్తుంది. వీళ్లతో బలప్రయోగం పనికిరాదు. ఎదురుగా గుమ్మం నిలువు పట్టీనో కిటికీ ఊచనో చూపించి "ఇది నిటారు, నువ్వు దీనికి సమానంగా ఉన్నావా చూడు" అని వాళ్ల కళ్లతో వాళ్లే కనిపెట్టేలా చేయాలి, మంచి వైపు గోడ ఉంచి ఆ గోడకి భుజం తగిలించమనాలి. గట్టు పట్టుకోనిస్తే దాన్నే తోయడానికి వాడతారు కాబట్టి మంచి చేతికి ఏదైనా అందుకునే పని ఇవ్వండి. వారాల్లోనో నెలల్లోనో చాలామందికి తగ్గుతుంది, కానీ ఈ దశలో పైన చెప్పిన స్కేళ్లు, తోపులు ఏవీ చేయించొద్దు, ఫిజియో ఉండగానే నిలబెట్టండి.

స్టెప్ 8: ఎంత వచ్చిందో రాసుకోవడం

హాస్పిటల్‌లో బెర్గ్ బ్యాలెన్స్ స్కేల్ అని వేస్తారు, 14 పనులు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 56. ఫైల్‌లో ఆ నంబర్ ఉంటే చూడండి, 45 కంటే తక్కువైతే పడే ఛాన్స్ ఎక్కువని మామూలుగా లెక్క. మార్కులు వేయడం మీ పని కాదు గానీ అందులోని కొన్ని పనులు ఇంట్లో చూసుకోవచ్చు: ఏమీ పట్టుకోకుండా 2 నిమిషాలు నిలబడటం, కళ్లు మూసి 10 సెకన్లు, పాదాలు దగ్గరగా పెట్టి 1 నిమిషం, ఒక పాదం ముందు ఇంకోటి పెట్టి 30 సెకన్లు. క్యాలెండర్ మీద ఆదివారం గడిలో సెకన్లు, రెండు స్కేళ్ల రీడింగ్ రాసేయండి, ఫిజియోకి మీరు "పర్లేదండీ బానే ఉంది" అని చెప్పేదానికంటే అది వంద రెట్లు ఉపయోగం. మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా కనిపిస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది, "ఆరు నెలలు దాటితే ఇంకేం రాదు" అని ఎవరో చెప్పారని మానేయకండి, ప్రాక్టీస్ చేసేవాళ్లకి ఏడాది తర్వాత కూడా బ్యాలెన్స్ మెరుగుపడుతుంది.

కరెంట్ పెట్టే మెషిన్ గురించి చాలామంది అడుగుతారు. పాదం వేలాడేవాళ్లకి మోకాలి పక్క నరానికి సరైన టైమ్‌లో కరెంట్ ఇచ్చి పాదం లేపే పద్ధతి 1961 నుంచి ఉంది, పనికొస్తుంది. కానీ మంచం మీద పడుకోబెట్టి అరగంట ప్యాడ్‌లు అంటించి పక్కన ఫోన్ చూసుకోవడం వేరు, నిలబడి బరువు మారుస్తూ దాంతో పాటు వాడటం వేరు, డబ్బు పెట్టేటట్టయితే రెండోదానికి పెట్టండి.

పడిపోతే

ఎంత జాగ్రత్త పడినా ఒకసారి పడే అవకాశం ఉంది, ఎక్కువగా పడిన వైపుకే పడతారు, ఆ వైపు ఎముక వాడకం లేక పలచబడి ఉంటుంది కాబట్టి తుంటి విరగడం భయం. బాత్రూమ్‌లో గోడకి స్టీల్ రాడ్ మంచి చేతికి అందే వైపు కొట్టించండి, తలుపు లోపలి గడియ వేయొద్దని చెప్పండి, గుమ్మం దగ్గర గుడ్డ పట్టా తీసేయండి, రాత్రికి చిన్న లైటు ఉంచండి.

పడితే వెంటనే లాగి లేపకండి, ఇదే అందరూ చేసేది. అలాగే పడుకోనిచ్చి తల తగిలిందా, తుంటి దగ్గర నొప్పి ఉందా, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగిపోయి కనిపిస్తోందా చూడండి. ఉంటే కదపకుండా 108. తల తగిలి, రక్తం పలచబరిచే బిళ్లలు వాడుతుంటే పైకి ఏమీ కనిపించకపోయినా హాస్పిటల్‌కి తీసుకెళ్లాల్సిందే. ఏమీ లేదని తేలితే మంచి వైపుకి ఒత్తిగిలించి, మంచి మోచేతి మీద లేపి కూర్చోబెట్టి, ముందు ఒక గట్టి స్టూల్ పెట్టి మంచి చెయ్యి దాని మీద ఆనించి మోకాళ్ల మీదకి తెచ్చి, మంచి పాదం ముందుకి పెట్టించి లేపండి, వెనక ఇంకొకరు కుర్చీ జరుపుతారు. పడిన మర్నాడు భయంతో నిలబడనంటారు, అప్పుడు మళ్లీ స్టెప్ 3 నుంచి, దిండు వేసిన ఎత్తు సీటుతో మొదలుపెట్టండి.